ప్రజారోగ్యానికి నిధుల సేకరణ: మన యువతకు ఒక వృత్తి

(చోడవరంలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు కార్యదర్శిగారు ఒక మాట అన్నారు. "మన పిల్లలు ఇప్పుడు డిగ్రీల దాకా వస్తున్నారండీ. కానీ డిగ్రీ అయ్యాక వాళ్ళ కళ్ళకు కనపడే దారులు నాలుగే. గల్ఫు, మెకానిక్ షెడ్డు, బట్టల కొట్టు, కాకపోతే విశాఖపట్నంలో ఏదో ఒక కంపెనీ. మీరు ముప్పై ఏళ్ళు చేసిన పని గురించి చెప్పండి, యిలాంటి దారి కూడా ఒకటుందని తెలుస్తుంది" అన్నారు. అందుకని వచ్చాను. నేను వక్తను కాను. నా పని అడగడం, వినడం, లెక్క చెప్పడం. యీ సభలో కూడా ఆ మూడే చేస్తాను.

నేను ఆరోగ్య సంస్థలకు నిధులు సమకూర్చే వుద్యోగం చేశాను. మొదట ఒక కంటి ఆసుపత్రిలో, ఆ తర్వాత క్షయ నివారణలో. మా బంధువుల్లో ఎవరైనా "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అని అడిగితే, మా ఇంట్లో వాళ్ళు కాస్త గొంతు తగ్గించి "చందాలు వసూలు చేస్తాడు" అనేవాళ్ళు. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ చందా వసూలు చెయ్యడం వెనక ఎంత చదువు, ఎంత లెక్క, ఎంత బాధ్యత వున్నాయో చెప్పేవాళ్ళు అప్పుడు లేరు. ఇవాళ చెబుతాను.

ఆసుపత్రి వేరు, ప్రజారోగ్యం వేరు

ఒక మనిషికి జబ్బు చేస్తే వైద్యం చేయించడం ఒక పని. వూరికి ఆ జబ్బు రాకుండా చూడడం యింకొక పని. మొదటిది వైద్యం, రెండోది ప్రజారోగ్యం. టీకాలు, మంచినీళ్ళు, దోమల నివారణ, గర్భిణులకు తిండి, క్షయ రోగి ఇంట్లో మిగతావాళ్ళకు పరీక్షలు, యివన్నీ రెండో దానిలోకి వస్తాయి.

డబ్బు అడిగేవాడికి యీ రెండింటికీ చాలా తేడా వుంది. ఆపరేషన్ కావలసిన పిల్లవాడి ఫోటో చూపిస్తే రాతి గుండె వాడు కూడా జేబులో చెయ్యి పెడతాడు. కానీ జబ్బు రాని పిల్లవాడి ఫోటో ఎక్కడ తెచ్చి చూపిస్తారు? ఆ పిల్లవాడు బడికి పోయి ఆడుకుంటున్నాడు. మన పని సరిగ్గా జరిగినప్పుడు చూపించడానికి ఏమీ మిగలదు. అందుకే యీ రంగంలో డబ్బు అడగడం కష్టం, అందుకే దానికి శిక్షణ పొందిన మనుషులు కావాలి.

చిల్లర డబ్బులు చేసిన పెద్ద పనులు

1904 లో డెన్మార్కు దేశంలో ఐనార్ హోల్‌బోల్ అనే పోస్టాఫీసు గుమాస్తా వుండేవాడు. పండగ రోజుల్లో కట్టలు కట్టలుగా వచ్చిపడే వుత్తరాలను సర్దుతూ, ప్రతి వుత్తరం మీద తపాలా బిళ్ళ పక్కన యింకొక చిన్న బిళ్ళ అంటిస్తే, దాని వెల జబ్బు పిల్లలకు పోతే ఎలా వుంటుందని ఆలోచించాడు. మొదటి ఏడాదే నలభై లక్షలకు పైగా బిళ్ళలు అమ్ముడుపోయాయి. ఆ పద్ధతి దేశదేశాలకు పాకింది. మన దేశంలో 1939 లో ఏర్పడిన క్షయ నివారణ సంఘం కూడా టి.బి. సీళ్ళు అమ్మింది. గాంధీ జయంతి నాడు ఆ అమ్మకం మొదలుపెట్టడం ఆనవాయితీ. బడిలో మాస్టారు పంచిన ఆ సీళ్ళు కొన్నవాళ్ళు యీ సభలోనే కొందరు వుంటారు.

ఆ డెన్మార్కు నుంచే వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానటోరియానికి తొలి సూపరింటెండెంటు. అది 1915 లో మొదలైంది. ఒక్క మిషను మొయ్యలేని ఖర్చును పలు మిషన్ల వాళ్ళు కలిసి మోశారు. ఆ కాలంలో క్షయకు మందు లేదు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, అంతే. ఆ తిండికీ ఆ మంచానికీ డబ్బు ఎవరో ఎక్కడో అడిగి తెచ్చిందే.

అమెరికాలో 1938 లో పోలియో మీద పోరాటానికి ఒక సంస్థ పెట్టారు. రేడియోలో పాడే ఎడ్డీ కాంటర్ అనే హాస్యనటుడు, శ్రోతలందరూ తలొక పది సెంట్ల నాణెం అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గారింటికి పంపండని పిలుపు ఇచ్చాడు. 26 లక్షల 80 వేల నాణాలు వచ్చిపడ్డాయి. లెక్కేస్తే 2 లక్షల 68 వేల డాలర్లు. అలాంటి చిల్లరతో పెరిగిన సంస్థే డాక్టర్ సాల్క్ పరిశోధనకు డబ్బు పెట్టింది. 1955 లో పోలియో టీకా వచ్చింది.

ఆ టీకా పేద దేశాల పిల్లలకు అందడానికి మళ్ళీ డబ్బు కావలసి వచ్చింది. 1985 లో రోటరీ క్లబ్బుల వాళ్ళు 12 కోట్ల డాలర్లు పోగుచేస్తామని బయలుదేరి, 1988 నాటికి 24 కోట్ల 70 లక్షల డాలర్లు తెచ్చారు. 2009 లో మన దేశంలో 741 పోలియో కేసులు వచ్చాయి. 2011 జనవరి 13 న హౌరా జిల్లాలో ఒక చిన్నపాపకు వచ్చినదే చివరిది. 2014 మార్చి 27 న మన ప్రాంతం పోలియో లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది.

యిక్కడ ఒక సంగతి మరచిపోకూడదు. ఉత్తరప్రదేశ్‌లో కొన్ని ముస్లిం బస్తీల్లో చుక్కల మందు వద్దని తలుపులు వేసుకున్నారు. డబ్బు వుంది, మందు వుంది, నమ్మకం లేదు. ఇమాములు, బడి పంతుళ్ళు, అదే వీధి ఆడవాళ్ళు యింటింటికీ తిరిగి చెప్పాక తలుపులు తెరుచుకున్నాయి. కనుక నిధులు తెచ్చేవాడు డబ్బు ఒక్కటే తెస్తే చాలదు. ఇచ్చేవాడి నమ్మకం, పుచ్చుకునేవాడి నమ్మకం, రెండూ తేవాలి.

మన దగ్గర నిలబడ్డ సంస్థలు

హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 1987 లో మొదలైంది. సినిమా నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబం స్థలమూ ధనమూ ఇచ్చింది. డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు అమెరికాలో ప్రాక్టీసు వదులుకుని వచ్చి దాన్ని నిలబెట్టారు. ఇవ్వగలిగినవాళ్ళ దగ్గర ఫీజు తీసుకుని, ఇవ్వలేనివాళ్ళకు వుచితంగా అదే వైద్యం చెయ్యడం అక్కడి పద్ధతి. 2006 లో మన విశాఖపట్నం హనుమంతవాక దగ్గర దాని శాఖ వచ్చింది. చోడవరం, మాడుగుల నుంచి కంటి చూపు కోసం అక్కడికి వెళ్ళివచ్చినవాళ్ళు మీలో చాలామంది వున్నారు. వెళ్ళినవాళ్ళకు డాక్టరు కనపడతాడు, నర్సు కనపడుతుంది. ఆ మంచానికి, ఆ యంత్రానికి డబ్బు ఇమ్మని దాతను ఒప్పించినవాడు కనపడడు.

ఢిల్లీలో 1906 లో మొదలైన హమ్‌దర్ద్ దవాఖానా సంగతి చూడండి. 1948 లో హకీం అబ్దుల్ హమీద్ గారు ఆ వ్యాపారాన్నే వక్ఫ్ చేసేశారు. వేసవిలో మనం తాగే రూహ్ అఫ్జా షర్బత్ లాభం చదువుకూ వైద్యానికీ పోయే ఏర్పాటు చేశారు. ఏడాదికోసారి చందా అడగవలసిన అవసరం లేకుండా ఆదాయానికి ఒక శాశ్వతమైన వూట కట్టారు. నిధుల సేకరణలో అది పెద్ద మెట్టు.

జీతం తీసుకోవచ్చునా?

"పుణ్యకార్యానికి డబ్బు వసూలు చేసేవాడు జీతమెందుకు తీసుకోవాలి?" అని నన్ను వందసార్లు అడిగారు. దీనికి జవాబు మన దీన్‌లోనే వుంది. జకాత్ ఎవరికి చెల్లుతుందో ఖుర్ఆన్ ఎనిమిది తరగతులు చెప్పింది. ఫకీర్లు, మిస్కీన్లు అయ్యాక మూడో తరగతి ఎవరనుకున్నారు? దాన్ని వసూలు చేసి పంచే పనివాళ్ళు. అంటే ఆ పని చేసేవాడికీ కడుపు వుంటుందని, వాడి శ్రమకు వెల వుందని పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే గుర్తించారు.

అయితే జీతం వేరు, కమీషన్ వేరు. తెచ్చినదాంట్లో నూటికి ఇంత అని తీసుకోవడం యీ వృత్తి నియమాలకు విరుద్ధం. ప్రపంచంలో యీ వృత్తివాళ్ళ సంఘాలు యీ మాట రాసిపెట్టుకున్నాయి. కమీషన్ మీద బతికేవాడు దాత మేలు చూడడు, రోగి మేలు చూడడు. నెల జీతగాడు "ఇప్పుడు మీకు వీలు కాదు, వచ్చే ఏడాది ఇవ్వండి" అని దాతకు చెప్పగలడు. పిల్లలూ, మీకు ఎవరైనా కమీషన్ మీద పని ఇస్తామంటే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి.

పని ఎలా వుంటుంది

బయట తిరగడం రోజులో కొంత భాగమే. మిగతాది బల్ల దగ్గర పని. ఇచ్చినవాళ్ళ పేర్ల పట్టీ రాసుకోవడం, రసీదులు పంపడం, వాళ్ళ డబ్బు ఏమైందో రాయడం, కొత్త పనికి ప్రతిపాదన తయారుచెయ్యడం, ఖర్చుల అంచనా వెయ్యడం. మంచి ప్రతిపాదనలో నాలుగు ప్రశ్నలకు జవాబు వుంటుంది. కష్టం ఏమిటి, ఎంతమందికి, మీరేం చేస్తారు, అయిందని ఎలా తెలుస్తుంది. యీ నాలుగూ చెప్పలేనివాడికి ఎంత ఇంగ్లీషు వచ్చినా డబ్బు రాదు.

నేను నేర్చుకున్న మొదటి పాఠం చెబుతాను. ఒక పట్నంలో ఒక వర్తకుడు మూడేళ్ళపాటు నాకు పైసా ఇవ్వలేదు. వెళ్ళినప్పుడల్లా టీ ఇప్పించేవాడు, డబ్బు ఇచ్చేవాడు కాదు. మూడో ఏడు కారణం చెప్పాడు. అంతకుముందు ఎవరో వచ్చి డబ్బు పట్టుకెళ్ళారట, రసీదు లేదు, కబురు లేదు. "నాకు డబ్బు పోయినందుకు బాధ లేదయ్యా. అది చేరిందో లేదో తెలియక నిద్ర పట్టలేదు" అన్నాడు. ఆ తర్వాత ఆయన ప్రతి ఏటా ఇచ్చాడు. నేను ప్రతి ఏటా వెళ్ళి అది ఎక్కడ చేరిందో చెప్పాను.

ఒక లారీ క్లీనరు నెలనెలా పది రూపాయలు ఇచ్చేవాడు. పెద్ద దాత లక్ష ఇచ్చి మరుసటి ఏడాది మానెయ్యొచ్చు. నెలనెలా వచ్చే చిన్న మొత్తాల మీదే సంస్థ ధైర్యంగా నర్సును పెట్టుకోగలదు. అందుకే యీ వృత్తిలో వున్నవాళ్ళు పెద్ద చెక్కు కన్నా నెలసరి చందాదారుల పట్టీని ఎక్కువ భద్రంగా చూసుకుంటారు.

ఇంకొకటి. రోగిని చూపించి డబ్బు అడగకండి. క్షయ వచ్చిందని తెలిస్తే పెళ్ళి సంబంధాలు తప్పిపోయే వూళ్ళు యింకా వున్నాయి. మనిషి పరువు తీసి మందు ఇప్పిస్తే అది సాయం కాదు.

లెక్కా, చట్టమూ

మన సంఘంలాంటి వాటికి యీ భాగం ముఖ్యం, కాస్త ఓపికగా వినండి.

జకాత్ సొమ్ము వేరు, సదఖా వేరు, మామూలు చందా వేరు. మూడింటికీ మూడు పద్దులు పెట్టండి. జకాత్ పేదవాడి చేతికే చేరాలని, భవనానికీ జీతాలకీ వాడరాదని చాలామంది ఆలిములు చెబుతారు. దాత ఏ పద్దు కింద ఇచ్చాడో రసీదు మీదే రాయండి.

దాతకు పన్ను రాయితీ రావాలంటే సంఘానికి ఆదాయపు పన్ను శాఖ దగ్గర నమోదు వుండాలి. మనం 80జి అని పిలుచుకుంటూ వచ్చింది అదే. 2000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే రాయితీ రాదు. 2025 లో కొత్త ఆదాయపు పన్ను చట్టం చేశారు, సెక్షన్ల నంబర్లు మారాయి. కాబట్టి పాత రసీదు బుక్కులు అచ్చువేయించే ముందు ఆడిటరు గారిని అడగండి.

మన వాళ్ళు చాలామంది గల్ఫులో వున్నారు. భారత పౌరుడిగా వుండి, భారత పాస్‌పోర్టుతో అక్కడ పని చేసేవాడు తన సంపాదన లోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. వేరే దేశం పౌరసత్వం తీసుకున్నవాడు పంపితే, వాడు మన మేనల్లుడే అయినా, అది విదేశీ విరాళం. దానికి 2010 చట్టం కింద కేంద్రం అనుమతి వుండాలి. యీ తేడా తెలియక మంచి మనసుతో చేసిన పని కేసుల పాలైతే ఎవరికి లాభం?

ఇక కంపెనీలు. 2013 కంపెనీల చట్టం ప్రకారం, 2014 ఏప్రిల్ నుంచి, ఏడాదికి 5 కోట్ల నికర లాభం వచ్చే కంపెనీ గడచిన మూడేళ్ళ సగటు లాభంలో నూటికి 2 వంతులు సమాజానికి ఖర్చు పెట్టాలి. పరవాడ, అచ్యుతాపురం ఎంత దూరం మనకు? ఆ డబ్బులో ఆరోగ్యానికి వాటా వుంది. దాన్ని అడగడానికి పద్ధతిగా లెక్కలున్న సంఘం కావాలి, రాయగల మనిషి కావాలి.

ఏం చదవాలి

డిగ్రీ ఏదైనా ఫరవాలేదు. పైచదువు కావాలంటే ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో సోషల్ వర్క్ వుంది, ముంబాయిలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వుంది, గుజరాత్‌లోని ఆనంద్‌లో గ్రామీణ నిర్వహణ సంస్థ వుంది, హైదరాబాదులో ప్రజారోగ్య సంస్థ వుంది. బి.కామ్. వాళ్ళకు లెక్క తెలుసు కనుక ఒక అడుగు ముందుంటారు. మొదట్లో జీతం బ్యాంకు వుద్యోగమంత వుండదు, అది ముందే చెప్పేస్తున్నాను. అనుభవం వచ్చాక సంసారం గౌరవంగా నడుస్తుంది.

మన పిల్లలకు ఒక ఆస్తి వుంది. ఇంట్లో వుర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు, సినిమాల వల్ల హిందీ. నాలుగు భాషల్లో మర్యాదగా అడగగలిగినవాళ్ళు ఏ సంస్థకైనా కావాలి. ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంటి లోపలికి వెళ్ళి తల్లులతో మాట్లాడగలిగేది వాళ్ళే. పోలియో పనిలో తలుపులు తెరిపించింది ఎక్కువగా వాళ్ళే. తల్లిదండ్రులు యీ వుద్యోగాన్ని చిన్నచూపు చూడవద్దని నా మనవి.

మన చోడవరంలో ఏం చెయ్యొచ్చు

ఊరికే మాట్లాడి వెళ్ళిపోతే నా పని పూర్తి కాదు. ఒక ప్రతిపాదన పెడుతున్నాను.

క్షయకు మందులు ప్రభుత్వం వుచితంగా ఇస్తోంది. మామూలు క్షయకు ఆరు నెలల వైద్యం. నేను చూసిన ఒక కుటుంబంలో లారీ నడిపే తండ్రి రెండు నెలలు మందు వాడాడు. దగ్గు తగ్గింది. ఇంట్లో బియ్యం లేవు. మళ్ళీ బండెక్కాడు. ఏడాది తిరిగేసరికి మందుకు లొంగని క్షయతో వచ్చాడు. పక్కన అతని కూతురికి కూడా దగ్గు. మందు లేక కాదు, తిండి లేక వైద్యం ఆగిపోయింది.

యీ సంగతి పరిశోధనలో కూడా తేలింది. జార్ఖండ్‌లో చేసిన ఒక పెద్ద అధ్యయనం 2023 లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. క్షయ రోగి ఇంట్లోని వాళ్ళకు అదనంగా మంచి తిండి ఇస్తే, వాళ్ళకు క్షయ రావడం 39 శాతం తగ్గింది. రోగికి తిండి కోసం ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేసింది. 2022 సెప్టెంబరులో నిక్షయ్ మిత్ర అనే ఏర్పాటు పెట్టారు. దాని కింద ఏ వ్యక్తి అయినా, ఏ సంఘమైనా పేరు నమోదు చేసుకుని, ఒప్పుకున్న రోగులకు కనీసం ఆరు నెలలపాటు తిండి బుట్ట ఇవ్వొచ్చు.

లెక్క చెబుతాను. ఒక బుట్ట నెలకు 1000 రూపాయలనుకుందాం. పప్పు, నూనె, గుడ్లు, పాలపొడి, మన బెల్లం, వేరుశనగ. పదిమంది రోగులకు నెలకు 10 వేలు. నూరు కుటుంబాలు తలో నూరు రూపాయలు వేస్తే సరిపోతుంది. రోగి ఏ మతమో, ఏ కులమో అడగవద్దు. వూరి గాలి అందరిదీ ఒకటే, క్షయ గాలిలోనే వస్తుంది. జకాత్ పద్దు ముట్టుకోకుండా యిది మామూలు చందాతో నడపండి, అప్పుడు ఎవరికీ సందేహం వుండదు.

గోవాడ చక్కెర ఫ్యాక్టరీని మన రైతులు సహకార పద్ధతిలో తలో వాటా వేసుకునే కదా పెట్టుకున్నారు. అది ఎవరో ఒక్క షావుకారు సొమ్ముతో లేచింది కాదు. చోడవరం మండలం వాళ్ళకు వాటాల సంగతి నేను కొత్తగా నేర్పనక్కర లేదు. 2022 దాకా విశాఖపట్నం జిల్లాలో, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో వున్నాం. జిల్లా పేరు మారినా బళ్ళలో ఆసుపత్రికి పోయే జనం వాళ్ళే.

యీ పనికి మన డిగ్రీ పిల్లల్లో ఇద్దర్ని పెట్టండి, ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని. చందాదారుల పట్టీ, రసీదులు, నెలవారీ లెక్క వాళ్ళ చేత రాయించండి. ఆసుపత్రి వాళ్ళతో మాట్లాడడం వాళ్ళకే అప్పగించండి. ప్రతి నెలా జుమా తర్వాత లెక్క బోర్డు మీద అంటించండి. వాళ్ళకు కొద్దిగానైనా నెల జీతం ఇవ్వండి, వూరికే చేయించుకోవద్దు. ఆరు నెలలు అయ్యేసరికి పదిమంది రోగులు మందు పూర్తి చేసుకుంటారు, యీ ఇద్దరికీ ఏ సంస్థలోనైనా చూపించుకోగల పని అనుభవం వస్తుంది. వచ్చే ఏడాది సంచికలో ఆ లెక్క అచ్చు కావాలని కోరుకుంటున్నాను.

మొదటి నెల చందాగా నా నూరు రూపాయలు కోశాధికారి గారికి యీ సభలోనే ఇస్తున్నాను. రసీదు ఇమ్మని కూడా అడుగుతున్నాను.